గంజాయి చట్టం: కొండను ఎవరు అడిగారు?

‘గంజాయి వనంలో తులసి మొక్క’ అని తెలుగులో ఒక నానుడి ఉంది. చెడ్డవాళ్ల నడుమ ఒక్క మంచివాడున్నాడని చెప్పడానికి వాడతారు. నానుడి పాతదే. ఇటీవలి కాలంలో మాత్రం ఆ వనానికి ఒక చిరునామా కూడా తగిలించారు. అది మన చిరునామా. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు పేర్లు పత్రికలో కనబడితే కాఫీ గురించో పసుపు గురించో అనుకునే రోజులు తగ్గిపోయాయి. చదువుకో, పనికో కొండ దిగి పట్నం వెళ్లిన మన పిల్లవాడి సంచి మీద ముందు అనుమానం పడుతోంది. వాడి పేరు అడగడం ఆ తర్వాతే.

మరోవైపు పట్నాల్లో ఇంకో చర్చ నడుస్తోంది. గంజాయిని చట్టబద్ధం చేయాలా, వద్దా అని. చేయాలనేవారు మందుల తయారీ గురించి, పన్నుల రాబడి గురించి, వ్యక్తి స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నారు. వద్దనేవారు పాడైపోతున్న యువత గురించి, పెరిగే నేరాల గురించి మాట్లాడుతున్నారు. రెండు పక్షాల మాటల్లోనూ విలువ ఉంది. కానీ ఆ మొక్కను నాటినందుకు, మూట మోసినందుకు జైలుకు వెళ్తున్న కొండ మనిషి ఏ పక్షం మాటల్లోనూ సరిగా కనిపించడు. అందుకే ఈ ప్రశ్నను మన కొండ మీద నిలబడి చూడాలి. అలా చూడాలంటే ముందు ఈ చట్టాల చరిత్ర తెలియాలి.

మొక్క ఒకటి, చట్టం చూపు వేరు

గంజాయి మొక్క ఒకటే అయినా దాని నుంచి వచ్చే సరుకులు వేరు. ఆకుతో చేసేది భంగు. ఆడమొక్క పూత గుత్తులను ఎండబెడితే వచ్చేది గంజాయి. మొక్క జిగురును రాబట్టి చేసేది చరస్. ఇవి కాక కాండం నుంచి నార, గింజ నుంచి నూనె వస్తాయి. నార, గింజల కోసం పెంచే తక్కువ మత్తు రకాలను హెంప్ అంటున్నారు.

నేటి మన చట్టం ఈ సరుకులన్నిటినీ ఒకేలా చూడదు. మొక్కను పెంచడం నేరం. పూత గుత్తి నేరం. జిగురు నేరం. పూత గుత్తి కలవని ఉత్త ఆకును మాత్రం ‘గంజాయి’ నిర్వచనం నుంచి తప్పించారు. అందువల్లనే ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ లైసెన్సుతోనే భంగు దుకాణాలు నడుస్తున్నాయి. పండుగ పేరుతో, ఆచారం పేరుతో గట్టిగా అడగగలిగిన వారి అలవాటుకు చట్టంలో చోటు దొరికింది. ఏది మత్తు, ఏది ఆచారం అన్నది మొక్క ఒక్కటే నిర్ణయించదు, అడిగేవారి బలం కూడా నిర్ణయిస్తుంది. ఈ సంగతి మన కొండలకు కొత్త కాదు. ఇంతకు ముందు కల్లు విషయంలో ఒకసారి చూశాం.

కల్లు మీద పన్ను, రంప మీద సైన్యం

గోదావరికి ఉత్తరాన ఉన్న రంప ప్రాంతంలో జీలుగు కల్లు, తాటి కల్లు మనవాళ్లకు మత్తు పానీయం మాత్రమే కాదు. గింజలు అయిపోయిన నెలల్లో అదే ఆహారం. పండుగకు, పెళ్లికి, చావుకు అదే మర్యాద. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, సొంత వాడకానికి చెట్టు గీసుకోవడం మీద కూడా ఆంక్ష పెట్టింది. కల్లు రాబడిని గుత్తేదార్లకు అప్పగించింది. రంప మన్సబ్‌దారు దీనికి తోడు చిగురుపన్ను అనే పేరుతో తన వంతు వసూలు మొదలుపెట్టాడు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు అప్పుల పేరుతో కోర్టు డిక్రీలు తెచ్చి పశువులను తోలుకుపోవడం కూడా అప్పుడే సాగుతోంది.

1879 మార్చిలో రంప తిరగబడింది. తిరుగుబాటు గూడెం కొండలకూ, రేకపల్లికీ పాకింది. అణచడానికి ప్రభుత్వం సైన్యాన్ని దించాల్సి వచ్చింది. చివరికి మన్సబ్‌దారును తొలగించి, ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. అంటే కల్లు మీద వేసిన పన్ను మన చరిత్రలో ఒక పెద్ద ఫితూరీకి కారణాల్లో ఒకటైంది. మనవాళ్లు పోరాడింది తాగుడు కోసమని చెబితే చరిత్రను చిన్నబుచ్చినట్లే. మా చెట్టు మీద, మా ఇంటి అలవాటు మీద ఎవరో చట్టం చేసి, దాని లాభం ఇంకెవరికో కట్టబెట్టడం ఏమిటన్నది వాళ్ల ప్రశ్న.

1893: ఏడు సంపుటాల విచారణ

గంజాయి గురించి ఈ దేశంలో మొట్టమొదటి పెద్ద విచారణ ఆ తర్వాత పద్నాలుగేళ్లకు జరిగింది. 1893 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో, బెంగాల్‌లో గంజాయి వాడకం వల్ల జనం పాడైపోతున్నారని ప్రశ్న లేచింది. దాంతో ‘ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్’ ఏర్పడింది. అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్. మొత్తం ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల మాటలు సేకరించి, 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు.

ఆ నివేదికలో టీచర్లు పిల్లలకు చెప్పదగిన ఒక విషయం ఉంది. గంజాయి వల్ల పిచ్చి పడుతుందని అప్పట్లో అందరూ నమ్మేవారు. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లే అందుకు సాక్ష్యం. కమిషన్ ఆ రిజిస్టర్లను ఒక్కొక్క కేసుగా తిరగేసింది. రోగికి జబ్బు ఎందుకు వచ్చిందో తెలియనప్పుడు, కారణం గడిలో ‘గంజాయి’ అని రాసేసిన సందర్భాలు చాలా బయటపడ్డాయి. మితంగా వాడేవారికి చెప్పుకోదగ్గ హాని లేదని, అతిగా వాడితే హాని ఉందని, పూర్తి నిషేధం అవసరం లేదని కమిషన్ తేల్చింది. సాగును లైసెన్సుల కిందికి తేవాలని, పన్ను పెంచాలని, దుకాణాల సంఖ్య తగ్గించాలని సూచించింది.

చట్టబద్ధం చేయాలనేవారు నేటికీ ఈ నివేదికనే చూపిస్తారు. చూపించడంలో తప్పు లేదు. అయితే ప్రభుత్వానికి అందులో నచ్చినది పన్ను అన్న సంగతి మరిచిపోకూడదు. సాక్షుల్లో ప్రధానంగా కనిపించేది అధికారులు, వైద్యులు, మిషనరీలు, వర్తకులు, భూస్వాములు. కల్లు విషయంలో లాగే ఇక్కడా ఖజానా లెక్క ముందు వచ్చింది, మనిషి లెక్క తర్వాత వచ్చింది.

చట్టబద్ధంగా పండిన రోజుల్లో

నేడు గంజాయి అంటే కొండ గుర్తుకొస్తుంది. చట్టబద్ధంగా పండించిన రోజుల్లో మాత్రం తెలుగు నేలపై ఆ సాగుకు పేరుపడింది మైదానం. నాటి మద్రాసు రాజధానిలో ప్రభుత్వ నిఘా కింద గంజాయి పండించిన ముఖ్య ప్రాంతాల్లో ఒకటి బాపట్ల వైపు ఉన్న దగ్గుబాడు పరిసరాలు. పండిన సరుకును అక్కడి లైసెన్సు గిడ్డంగిలో నిల్వ చేసి, పన్ను కట్టించుకుని దుకాణాలకు పంపేవారు. ఆ మైదానపు ఊళ్లను ఎవరూ ‘గంజాయి వనం’ అని వెక్కిరించలేదు. లైసెన్సు ఉన్న పంటకు పరువు కూడా ఉంటుంది.

బెంగాల్‌లో మరో ఉదాహరణ ఉంది. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో 1917లో గంజాయి రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. దళారీ చేతి నుంచి పంటను తప్పించి సంఘం ద్వారానే అమ్ముకున్నారు. మిగిలిన డబ్బుతో బడులు, వైద్యశాలలు, రోడ్లు వేయించారు. పంట మంచిదా చెడ్డదా అన్న మాట అలా ఉంచితే, ఆ డబ్బు ఎవరి చేతిలో ఆగిందన్నది ముఖ్యం. నౌగావ్‌లో అది రైతుల సంఘం చేతిలో ఆగింది. మన కొండల్లో ఎన్నడూ అలా ఆగలేదు.

1985: ఒక్క చట్టంతో

1961లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలపై ఒక ఒడంబడిక తెచ్చింది. అది 1964 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. వైద్యానికి, పరిశోధనకు తప్ప గంజాయి వాడకాన్ని పాతికేళ్లలోగా మానిపించాలన్నది అందులో ఒక షరతు. భారతదేశం అందుకు ఒప్పుకుంది. ఆ గడువు దగ్గర పడుతుండగా, 1985లో పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టం చేసింది. అందరూ ఎన్‌డీపీఎస్ అంటున్నది దీన్నే. ఆ ఏడాది నవంబరు 14న అది అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రోజు వరకు కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణంలో దొరికిన సరుకు, ఆ రోజు నుంచి కఠిన కారాగార శిక్ష పడే నేరమైంది.

2001లో ఈ చట్టాన్ని సవరించి, దొరికిన పరిమాణాన్ని బట్టి శిక్షలు పెట్టారు. మన యువకులు ఈ లెక్కను బాగా తెలుసుకోవాలి. గంజాయి ఒక కిలో వరకు ‘తక్కువ పరిమాణం’. దానికి ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. దానికి తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవయ్యేళ్లు, పైగా లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. ఈ రెండింటి నడుమ దొరికితే పదేళ్ల వరకు. మొక్కలు పెంచినా పదేళ్ల వరకు. వాణిజ్య పరిమాణం కేసులో బెయిలు చాలా కష్టం. నిందితుడు నేరం చేయలేదనుకోవడానికి తగిన ఆధారం ఉందని జడ్జికి అనిపించాలి. అంటే విచారణ మొదలు కాకముందే బెయిలు కోసం సగం కేసు గెలవాలి.

20 కిలోలంటే ఎంత? సంతకు పసుపు మోసే మనిషి వీపు మీద ఒక్క బస్తా. అది దాటితే పదేళ్లు. ఆ సరుకు ఎవరిది, డబ్బు ఎవరు పెట్టారు, ఎక్కడికి చేరుతుంది అన్న ప్రశ్నలకు జవాబు దొరికినా దొరకకపోయినా, మోసినవాడు మాత్రం దొరుకుతాడు. ఘాటు రోడ్డు మీద చెక్‌పోస్టు ఉంటుంది. పెట్టుబడి పెట్టినవాడి ఇంటి ముందు చెక్‌పోస్టు ఉండదు.

కొండ మీదికి ఎలా ఎక్కింది?

చోళ్లు, సామలు, వలిసెలు మన తాతల పంటలు. పసుపు, రాజ్‌మా, కాఫీ తర్వాత వచ్చినవి. వ్యాపార పంటగా గంజాయి మన కొండలకు బయటి నుంచే వచ్చింది. మైదానం నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన వ్యాపారులు విత్తనం ఇచ్చారు, ముందస్తు డబ్బు ఇచ్చారు, కోతకు ముందే ధర కట్టారు. రోడ్డు లేని లోతట్టు గూడేలు, ఒడిశా సరిహద్దు, మల్కనగిరి, కోరాపుట్ వైపు అడవి దారులు వాళ్లకు కలిసొచ్చాయి. కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. గంజాయికి కొన్ని నెలలు చాలు. పిల్లల చదువుకు, ఆసుపత్రికి, అప్పుకు డబ్బు ఇవాళే కావాల్సిన ఇంటికి ఆ తేడా చాలా పెద్దది.

మన వైపు తప్పు లేదని చెప్పుకుంటే అది నిజాయితీ కాదు. మనవాళ్లలో కొందరు దళారులయ్యారు. సులభంగా వచ్చిన డబ్బుతో బైకులు కొని, చదువు మానేసిన పిల్లలున్నారు. కూలి ఆశకు మూట ఎత్తుకున్నవారున్నారు. అమ్మడానికే అనుకున్న సరుకును కాల్చడం మొదలుపెట్టినవారూ ఉన్నారు. అయినా చరిత్రలో ఒక వరుస కనిపిస్తుంది. కల్లు గుత్తేదారు, అప్పుల వర్తకుడు, భూమి రాయించుకున్న షావుకారు, గంజాయి పెట్టుబడిదారు. వేషాలు మారాయి. కష్టమూ శిక్షా కొండకు, లాభం కిందికి అన్న పద్ధతి మారలేదు.

2021 అక్టోబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ మొదలుపెట్టారు. పోలీసుల లెక్క ప్రకారం విశాఖ ఏజెన్సీ 11 మండలాల్లో ఏడున్నర వేల ఎకరాల తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. చాలా గూడేల్లో జనమే ముందుకొచ్చి మొక్కలు పీకారు. అది మంచి మార్పే. అయితే తోట నరకడానికి ఒక్క రోజు చాలు. ఆ చెక్కలో వేరే పంట నిలబడాలంటే ఏళ్ల తరబడి తోడు కావాలి. మొక్క ఇవ్వాలి, కాపు వచ్చేదాకా చేయూత కావాలి, పంట కొనే చోటు దగ్గరలో ఉండాలి. ఆ తోడు ఎక్కడ ఆగిపోతే అక్కడికి పాత వ్యాపారి మళ్లీ దారి వెతుక్కుంటాడు.

వేరే కొండల కథ: మొరాకో రిఫ్

గంజాయి పేరుతో చెడ్డపేరు, పేదరికం, కేసులు మోసిన కొండలు మనవి మాత్రమే కావు. ఉత్తర ఆఫ్రికాలోని మొరాకో దేశంలో రిఫ్ పర్వతాలున్నాయి. అక్కడ ఉండేవారు అమాజిగ్ జనం. వాళ్లకు సొంత భాష ఉంది, వలస పాలకుల మీద పోరాడిన చరిత్ర ఉంది. తరాలుగా అక్కడ గంజాయి పండుతోంది. సరుకు యూరప్‌కు పోయేది. చిన్న రైతు మాత్రం ఎప్పుడు పట్టుకుంటారోనన్న భయంతో బతికేవాడు.

2021లో మొరాకో ఒక చట్టం చేసింది. ఇష్టమొచ్చినట్టు వాడుకోవడానికి అనుమతి ఇవ్వలేదు. మందులకు, పరిశ్రమలకు మాత్రమే సాగును అనుమతించింది. ఆ సాగు కూడా రిఫ్ ప్రాంతంలోని కొన్ని జిల్లాల రైతులకే, సహకార సంఘాల ద్వారానే. 2024 ఆగస్టులో గంజాయి సాగు కేసుల్లో ఉన్న 4,800 మందికి పైగా రైతులకు రాజు క్షమాభిక్ష పెట్టాడు. ఆ ఏర్పాటులో లోపాలు లేవని కాదు. చట్టం మారినప్పుడు నిన్నటి దాకా శిక్ష అనుభవించినవాడికే రేపటి హక్కులో మొదటి వాటా ఇవ్వాలన్న ఆలోచన మాత్రం అందులో ఉంది.

మన దేశంలో గాలి ఎటు వీస్తోంది?

1985 చట్టంలోనే ఒక చిన్న తలుపు ఉంది. నార కోసం, గింజ కోసం సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు. ఆ తలుపు గుండా 2018లో ఉత్తరాఖండ్ హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చింది. మత్తు పదార్థం 0.3 శాతం దాటకూడదన్నది షరతు. 2024లో హిమాచల్ ప్రదేశ్ శాసనసభ కూడా మందులకు, పరిశ్రమలకు సాగును అనుమతించే దిశగా తీర్మానించింది. అంతర్జాతీయంగా 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల పట్టీ నుంచి తొలగించింది. భారతదేశం ఆ తొలగింపుకే ఓటు వేసింది. కాబట్టి చట్టం ఇవాళో రేపో ఎంతోకొంత మారవచ్చు. మారేటప్పుడు మన మాట లేకుండా పోకూడదు.

మన మాట ఏమిటి?

మొదటిది ఆరోగ్యం. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, గంజాయి మొక్క సరుకుల అలవాటు నుంచి బయటపడటానికి సాయం అవసరమైనవారు దేశంలో సుమారు 72 లక్షల మంది. ఎదిగే వయసులో మొదలుపెట్టినవారికి జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతింటాయి. కొందరికి మానసిక వ్యాధులు ముదురుతాయి. సారా దుకాణాలు మన గూడేలను ఏం చేశాయో చూసినవాళ్లం. అదే సర్వేలో మద్యం విషయంలో సాయం అవసరమైనవారు 5.7 కోట్ల మంది. ఆ మద్యం చట్టబద్ధమే. మద్యాన్ని అనుమతించారు కదా, గంజాయినీ అనుమతించండి అనేవారికి ఈ లెక్కే జవాబు. ఒక చట్టబద్ధమైన మత్తు మనకు చాలు. బహిరంగ అమ్మకానికి దుకాణాలు తెరవడం ఆదివాసీకి మేలు చేయదు.

రెండోది శిక్ష. పెట్టుబడి పెట్టి సరుకు నడిపే వ్యాపారినీ, కూలికి మోసిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడినీ ఒకే తూకపు రాయితో తూచడం న్యాయం కాదు. బరువు ఒక్కటే కాక, ఆ నేరంలో ఎవరి పాత్ర ఎంత అన్నది చూసి శిక్ష వేసేలా చట్టం మారాలి. చిన్న సాగుదారుకు, మొదటిసారి పట్టుబడిన కూలికి జైలుకు బదులు వేరే దారి ఉండాలి. అలాంటి మార్పును మనం గట్టిగా అడగాలి.

మూడోది అధికారం. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలని చెబుతోంది. 1879లో రంపలో లేనిది, 1893 కమిషన్‌లో లేనిది, 1985లో ఎవరూ తలవనిది ఈ చట్టంలో కాగితం మీద ఉంది. అడగడం అన్న మాట అందులో ఉంది. గ్రామసభలో తీర్మానం చేసి తోటలు వద్దనే హక్కూ, వాటికి బదులు ఏ పంటకు సాయం కావాలో చెప్పే హక్కూ మనవే.

నాలుగోది భూమి. రేపు నార కోసమో మందుల కోసమో ఏజెన్సీలో లైసెన్సులు ఇస్తే, అవి ఆదివాసీ రైతుల సంఘాలకే ఇవ్వాలి. కంపెనీకి లైసెన్సు, మనకు కూలి అనే ఏర్పాటు వస్తే 1/70 చట్టం స్ఫూర్తి పోయినట్టే. గనుల విషయంలో షెడ్యూల్డ్ ప్రాంత భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సూత్రాన్ని ఈ పంటకూ వర్తింపజేయమని మనం ముందుగానే అడగాలి.

టీచర్లకు ఒక మనవి. గంజాయి తప్పు అని గోడ మీద రాయిస్తే సరిపోదు. ఒక కిలోకు ఎంత శిక్ష, 20 కిలోలు దాటితే ఏమవుతుంది, బెయిలు ఎందుకు దొరకదు అన్నది ఎనిమిదో తరగతి నుంచే పిల్లలకు లెక్కగా చెప్పండి. ఆదాయంతో సంబంధం లేకుండా షెడ్యూల్డ్ తెగల వారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టవచ్చని చెప్పండి. దానితో పాటు రంప ఫితూరీ పాఠం చెప్పేటప్పుడు చిగురుపన్ను సంగతి వదిలేయకండి.

యువకులకు ఒక మాట. ఎవరైనా వచ్చి, ఈ బస్తా ఫలానా చోట దించితే ఇంత ఇస్తామంటే, ఆ బస్తాలో పదేళ్లు ఉన్నాయని గుర్తు పెట్టుకోండి. వచ్చినవాడు ఆ పదేళ్లలో ఒక్క రోజు కూడా మీ కోసం జైలు గేటు దగ్గరికి రాడు. గ్రామసభ జరిగే రోజున మాత్రం మీరు వెళ్లండి. గంజాయి చట్టం ఎలా ఉండాలో మన తరఫున రాసి పంపే చోటు అదే.